కాలరు కింద ఎర్ర కుట్టు

ఇనుజుకా మాస్టారు దుకాణం మూసేస్తున్నానని చెప్పిన రోజున కురొసు కళ్లు తుడుచుకున్నాడు. హిసానో మాత్రం కళ్లు చిన్నవి చేసుకుంది.

మూడేళ్లకు సరిపడా ఆర్డర్లు చేతిలో పెట్టుకుని ఎవడైనా దుకాణం మూస్తాడా? మూస్తున్నాడంటే లోపల ఏదో మూసిపెడుతున్నాడన్నమాట. మాస్టారు చెప్పిన కారణాలు రెండూ వినడానికి బాగానే ఉన్నాయి. నది ఒడ్డున గుర్రపుతోళ్లు పదును చేసే ముసలాయన పోయాడు, ఆయన కొడుకులెవరికీ ఆ కంపు పడలేదు. రెండోది, సూదిలో దారం ఎక్కించాలంటే మాస్టారికిప్పుడు ఒకదాని మీద ఒకటి రెండు కళ్లజోళ్లు కావాలి. "ఇక చాలు. తోలు కోసేసిన ఈ పంతొమ్మిది జాకెట్లూ అయ్యాక షట్టరు దించేస్తాను" అన్నారాయన. అంత సూటిగా ఉన్న మాటలో తప్పకుండా వంకర ఉంటుందని హిసానో నమ్మకం. యాభై ఏడేళ్ల మనిషికి అనుమానం కొత్తగా పట్టే జబ్బు కాదు కదా, చిన్నప్పుడు పాలతో తాగింది. ఆ పాలలో నీళ్లెన్నని కూడా అప్పుడే అనుమానించి ఉంటుంది.

హిమేజీ ఊరి చివర రేకుల షెడ్డు వాళ్లది. లోపల ఐదు కుట్టుమిషన్లు, ముగ్గురు మనుషులు. మాస్టారు మిషను మీద కూర్చుంటారు, కురొసు తోలు కోస్తాడు, హిసానో కాలర్లు వేసి చేతికుట్టు పనంతా చూస్తుంది. తయారయ్యేది ఒకటే వస్తువు: ఎనభై ఏళ్ల కిందట అమెరికా యుద్ధవిమానాలు నడిపినవాళ్లు తొడుక్కున్న గోధుమరంగు గుర్రపుతోలు జాకెట్టుకి నకలు. ఆ విమానాల చప్పుడుకి హిసానో నాయనమ్మ గుంతలో దూరి చెవులు మూసుకుంది. మనవరాలు ఆ విమానాలవాళ్లకి కాలరు ఎత్తి నిలబెట్టే పనిలో జీవితం గడిపింది.

నకలంటే ఆషామాషీ నకలు కాదు. అసలు జాకెట్టులో ఎడమ జేబు కుడి జేబుకన్నా మూడు మిల్లీమీటర్లు కిందకి ఉంటుంది. ఎవడో అమెరికా దర్జీ ఏ సోమవారం పొద్దున్నో ఆవులిస్తూ చేసిన తప్పు. ఆ ఆవులింతని వీళ్లు స్కేలు పెట్టి కొలిచి మరీ కుడతారు. మొదట్లో మాస్టారు ఎక్కడినుంచో అసలు జాకెట్టొకటి సంపాదించి, కుట్లన్నీ విప్పి, ఒక్కో ముక్కకీ అట్ట నమూనా కోసుకున్నారు. ఆ తోలు ముక్కలు ఇప్పటికీ గోడకి మేకులు కొట్టి ఉన్నాయి.

నకలు మరీ అంత బాగుంటే ఒక చిక్కు ఉంటుంది. దుకాణం పెట్టిన రెండో ఏడే ఎవడో తెలివైనవాడు వీళ్ల జాకెట్టొకటి కొని, ఉప్పుకాగితంతో రుద్ది, ఎండలో పడేసి, యుద్ధకాలపు అసలుదని టోక్యోలో ఒక పెద్దాయనకి అంటగట్టాడు. సంగతి తెలిసి మాస్టారు రైలెక్కి వెళ్లి ఆ పెద్దాయన గుమ్మంలో నుదురు నేలకి ఆనించి వచ్చారు. వచ్చిన మర్నాడే హిసానోని పిలిచి నియమం పెట్టారు. బయటికెళ్లే ప్రతి జాకెట్టుకీ కాలరు మడత కింద చేత్తో మూడు ఎర్ర కుట్లు పడాలి. అసలు జాకెట్లలో ఎక్కడా ఎర్రదారం ఉండదు. కాలరు ఎత్తి చూస్తే చాలు, ఇది ఇనుజుకా వాళ్ల సరుకు, అబద్ధం చెప్పదు అని తెలిసిపోతుంది.

అప్పటినుంచి ఇరవై ఆరేళ్లుగా ఆ మూడు కుట్లూ వేసింది హిసానో ఒక్కతే. ఆమె కుట్టినవి ఒక్కటీ, ఎక్కడా, ఎవరినీ మోసం చేయలేదు. మనిషికి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. ఆమెకి ఉన్నది అదే.

మంగళవారం పొద్దున్న ఆఖరి పంతొమ్మిది జాకెట్లూ కడ్డీకి వేలాడుతున్నాయి. చివరిసారి సరిచూద్దామని హిసానో ఒక్కొక్కదాని కాలరూ ఎత్తుతూ వచ్చింది. ఎరుపు, ఎరుపు, ఎరుపు. పదకొండోది ఎత్తితే బోడి! మిగతావన్నీ చూసి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. కడ్డీకి ఉన్నవి ఇరవై.

ఆ పదకొండోదాన్ని పట్టుకుని తిప్పి చూసింది. జిప్పు కాస్త మసకబారి ఉంది. నడుము దగ్గర ఊలు అల్లిక రంగు ఒక వీసం తగ్గింది. తోలు బిగుసుకుని ఎండినట్టుంది. దగ్గరగా పెట్టుకుని వాసన చూస్తే కర్పూరం!

'అమ్మ దొంగా, వాసన కూడా పెట్టారే' అనుకుంది హిసానో.

ఎవరో పనిగట్టుకుని ముసలితనం పూశారు. ఎర్రదారం లేదు. దారం లేకపోవడమే ఆధారం. కుట్టులేని చోటే కుట్ర ఉంది.

మూడు గంటల టీ దగ్గర కురొసుని పట్టుకుంది. "తమ్ముడూ, ఈసారి ఎన్నింటికి తోలు కోశావు?"

"పంతొమ్మిదికి."

"మరి కడ్డీకి ఇరవై ఎందుకున్నాయి?"

కురొసు కప్పు దించి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఓహో. పోతూ పోతూ నీకోసం ఒకటి కుట్టుకున్నావా అక్కా? కుట్టుకో, నేనెవరికీ చెప్పను. ఆ పెద్ద కత్తెర మాత్రం నాకు ఇప్పించు."

"నా ఒంటికి జాకెట్టు కుట్టాలంటే ఒక గుర్రం చాలదురా, బండికి కట్టిన జోడీ కావాలి. మాట మార్చకు. నువ్వు కోయలేదూ?"

"మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మ కిందటేడు పోయింది కదరా!"

"అందుకే గట్టి ఒట్టు, ఇంక ఆవిడకి ఏమీ కాదు. అంత అనుమానముంటే మాస్టారినే అడగరాదూ?"

"దొంగని పిలిచి, దొంగతనం ఎలా జరిగిందండీ అని అడుగుతారా ఎవరైనా?"

"మాస్టారిని దొంగ అంటున్నావా!" కురొసు చేతిలో బిస్కత్తు టీలో పడింది.

"అనలేదు. అనుకున్నాను."

అనుకున్నాక ఇక అన్నీ అలాగే కనిపించాయి. బుధవారం మాస్టారు ఏ పనీ లేకుండా ఆ కడ్డీ చుట్టూ నాలుగుసార్లు తిరిగారు. తిరిగిన ప్రతిసారీ పక్క జాకెట్లని ఆ పదకొండోదాని మీదికి ఇంకాస్త జరిపారు. హిసానో అటు అడుగేస్తే ఆయనకి దగ్గు వచ్చింది. అడుగు వెనక్కి తీస్తే తగ్గింది. అలాంటి దగ్గుకి ఏ డాక్టరూ మందు రాయలేడు.

"మాస్టారూ, సర్దేయమంటారా వీటిని? పెట్టెలు వచ్చాయి" అంది.

"వద్దొద్దు! శుక్రవారం దాకా ముట్టుకోకు. శుక్రవారం ఒకాయన వస్తాడు."

"కొనడానికా?"

"చూడటానికి."

"ఏం చూడటానికి?"

"చూసేవాడు ఏం చూస్తాడు? చూడాల్సింది చూస్తాడు" అని మాస్టారు రెండు కళ్లజోళ్లూ ఒకేసారి తీసి తుడవడం మొదలుపెట్టారు.

హిసానోకి కథంతా అతికిపోయింది. మాస్టారు సొంతంగా, ఇంట్లో, ఎవరికీ తెలియకుండా ఒక జాకెట్టు కుట్టారు. దానికి ముసలితనం పూశారు. దుకాణం మూసేముందు దాన్ని అసలుదని చెప్పి ఎవరి నెత్తినో పెట్టబోతున్నారు. రేపు అది బయటపడితే ఇరవై ఆరేళ్లుగా వెళ్లిన ప్రతి జాకెట్టునీ జనం తిరగేసి చూస్తారు. ఇనుజుకా వాళ్ల ఎర్ర కుట్టా, ఆ, దాని సంగతి తెలిసిందేలే అంటారు. ఆమె చేతిపని మొత్తం ఒక్క దెబ్బకి అబద్ధమైపోతుంది.

పోలీసుల దగ్గరికి వెళ్లడమా? ఛ. అంత పెద్దమనిషి! మొహం మీద అడగడమా? ఆయన దగ్గుతారు. మూడో దారి ఆమె సూదిపెట్టెలోనే ఉంది.

గురువారం పన్నెండున్నరకి మాస్టారూ కురొసూ నూడుల్స్ తినడానికి వెళ్లారు. హిసానో కడుపులో బాగోలేదని ఆగిపోయింది. తన అన్నం ముద్ద డబ్బా మూత కూడా తీయకుండా ఆ జాకెట్టుని ఒళ్లో వేసుకుని కాలరు ఎత్తింది. మొదటి పోటుకే సూది విరిగింది. రెండో సూదికి మైనం రాసి, బొటనవేలి తొడుగుతో నెడితే కిర్రుమంటూ దిగింది. ఇరవై ఆరేళ్లలో ఇంత మొండి తోలు చూడలేదు. 'ఎన్నాళ్లు ఎండబెట్టారో మహానుభావుడు' అనుకుంటూ మూడు కుట్లూ వేసి ముడి బిగించింది. సరిగ్గా పదకొండో స్థానంలో తిరిగి తగిలించింది. తరవాత అన్నం ముద్ద హాయిగా తిన్నది. కడుపు బాగుపడింది.

శుక్రవారం పదిగంటలకి వచ్చినాయన పేరు మిజొబుచి. పాత విమానాల మ్యూజియం ఒకటి నడుపుతాడట. జేబులోంచి తెల్ల చేతితొడుగులు తీసి తొడుక్కున్నాడు. హిసానో గుండె కుదుటగానే ఉంది. ఎత్తు నాయనా, కాలరు ఎత్తు అనుకుంది.

మాస్టారు కడ్డీ మధ్యలోంచి ఆ జాకెట్టు తీసి రెండు చేతులతో పట్టుకున్నారు. తరవాత, ఎవరూ అడక్కుండానే, హిసానో వైపూ కురొసు వైపూ తిరిగి తల వంచారు.

"మీ ఇద్దరికీ క్షమాపణ చెప్పాలి. ఆ రోజుల్లో నాకు దొరికిన అసలు జాకెట్లు రెండు. ఒకటి విప్పేశాను, అదిగో గోడ మీద ఉంది. రెండోది ఇది. ఎవరూ తొడుక్కోనిది. ఇన్నేళ్లూ కర్పూరం వేసి పెట్టెలో దాచాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు, ఎండలో ఆరేస్తుందని. మీకూ చెప్పలేదు."

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు కురొసు.

"అనుమానం. కోసేవాడికీ కుట్టేవాడికీ అసలుది చూస్తే చెయ్యి ఊరుకోదు కదా. దుకాణం మూస్తున్నానని తెలిశాక కొత్త మొహాలు మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాయి. అందుకని తెచ్చి మన జాకెట్ల మధ్యలో తగిలించాను. ఇక్కడైతే ఎవరూ పట్టించుకోరని. ఇవాళ ఇది ఈయన మ్యూజియంకి వెళ్తోంది. వెళ్లాక నాకు నిద్రపడుతుంది."

హిసానో మిషను బల్ల పట్టుకుంది. "మాస్టారూ..." అంది. మాట పూర్తికాకముందే మాస్టారు జాకెట్టుని వచ్చినాయన చేతికిచ్చేశారు.

మిజొబుచి జిప్పు చూశాడు, అల్లిక చూశాడు, జేబులు కొలిచాడు. ఆహా అన్నాడు. ఆఖరికి కాలరు ఎత్తాడు. తరవాత జాకెట్టుని చాలా మర్యాదగా బల్ల మీద పెట్టి చేతితొడుగులు తీసేశాడు.

"ఎంత గొప్ప పని ఇనుజుకా గారూ! నిజంగా నేనే నమ్మేశాను. కానీ ఇది మీదే."

మాస్టారు కాలరు కిందకి చూశారు. ఒక కళ్లజోడుతో చూశారు, రెండోది పెట్టుకుని చూశారు. రక్తమంతా ఆయన మొహంలోంచి దిగిపోయి ఆ మూడు కుట్లలోకే చేరినట్టయింది. "అయితే... అయితే నేను ఇన్నేళ్లూ దాచింది...?" అని గోడ మీది ముక్కల వైపు చూశారు. తన సొంత పెట్టెనే అనుమానిస్తున్నారు పాపం.

"నేనేనండీ! నేనే కుట్టాను!" హిసానో అరిచేసింది. "నిన్న మధ్యాహ్నం! మాస్టారు నకలుని అసలుదని చెప్పి పంపిస్తున్నారేమో అనుకుని నేనే కుట్టేశాను. ఇది అసలుదే బాబూ, నా మాట నమ్మండి!"

మిజొబుచి ఆమె వైపు జాలిగా చూసి నవ్వాడు. "ఇంత నమ్మకమైన మనుషులు దొరకడం అదృష్టం ఇనుజుకా గారూ."

"నమ్మకం కాదయ్యా, అనుమానం! కావాలంటే ఇప్పుడే విప్పేస్తాను దారం."

"విప్పినా కన్నాలుంటాయి కదమ్మా. ఇది బట్ట కాదు, నలిపితే పూడటానికి. ఎర్ర కుట్టు విప్పిన జాకెట్టంటే ఇంకా అనుమానం కదా."

"పరీక్ష చేయించండి!" అన్నాడు కురొసు.

"ఏం పరీక్ష చేయిస్తాం? పాతకాలపు దారం, పాతకాలపు జిప్పులు వెతికి తెచ్చి కుడతారని మీకు పేరు. మా దగ్గర అనుమానమున్న వస్తువు అద్దాల బీరువాలో పెట్టం. ఏమనుకోకండి." ముగ్గురికీ వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి మాస్టారిని చూసిన చూపులో మర్యాద కొంచెం తక్కువగానే ఉంది.

రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

"ఒక్క ముక్క అడగకూడదా హిసానో?" అన్నారు మాస్టారు.

"ఒక్క ముక్క చెప్పకూడదా మాస్టారూ?"

ఈసారి ఆయనకి దగ్గు కూడా రాలేదు.

"చేతిలో పట్టుకున్నావు. సూది గుచ్చావు. అయినా తెలియలేదూ?"

"కోత చూసి కురొసు పనేమో అనుకున్నాను మొదట. తరవాత మీదే అనుకున్నాను. ఇంత బాగా ఇంకెవరికి చేతనవుతుంది?"

"నా మీదే మొదటి అనుమానమా!" అని కురొసు లేచాడు. "నేను నిన్ను అక్కా అక్కా అంటూంటే..."

"నువ్వు మాత్రం నేను దొంగతనంగా కుట్టుకున్నానని అనలేదూ?"

మాస్టారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు. జాకెట్టుని భుజాల దగ్గర పట్టి ఒకసారి దులిపారు. కర్పూరం వాసన షెడ్డంతా పరుచుకుంది. కుడిచెయ్యి దూర్చారు, ఎడమచెయ్యి దూర్చారు. బిగుసుకున్న తోలు కటకటమంది. ఎనభై ఏళ్లలో దానిలోకి మనిషి దూరడం అదే మొదటిసారి. పొట్ట దగ్గర జిప్పు మొరాయిస్తే ఊపిరి బిగబట్టి లాగేశారు.

"ఏమిటండీ ఇది! బయట వాన!" అంది హిసానో.

"మరి వానకేగా జాకెట్టు." ఆయన గోడ పక్కనున్న సైకిలు స్టాండు తన్నారు.

ఆమె గుమ్మం దాకా పరిగెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, నిజమే. కానీ ఆ నీళ్ల వెనక కళ్లు మళ్లీ చిన్నవవుతున్నాయి. ఒక మనిషి ఇన్నేళ్లు పెళ్లాం కళ్లు కప్పి ఒక జాకెట్టు దాచగలడా? ఒకే ఇంట్లో? ఎంత ఆపుకుందామన్నా మాట ఆగలేదు.

"మాస్టారూ! నామీద ఒట్టేసి చెప్పండి. అది నిజంగా అసలుదేనా?"

ఇనుజుకా మాస్టారు సైకిలెక్కి కాలరు ఎత్తి మెడకి బిగించుకున్నారు.

"నిన్న పన్నెండున్నర దాకా అసలుదే" అని పెడలు తొక్కారు.