తెల్లవారుజామున పోయిన నాయనమ్మలు

మా మేనకోడలు కామర్స్ డిగ్రీ పూర్తి చేసి, రెండేళ్లు సెల్‌ఫోన్ల కొట్టులో స్క్రీన్ గార్డులు అంటించింది. తర్వాత నర్సింగ్‌లో చేరతానంది. ఆ చదువు చదివినవాళ్లెవరూ ఖాళీగా లేరని ఆమె వాదన. మా బావ తోక తొక్కిన తాచులా లేచాడు. బెడ్‌పాన్లు ఎత్తడానికా డిగ్రీ చదివించింది అన్నాడు. వారం తిరక్కుండా ఎవరో ఆయన చెవిలో విదేశీ జీతాల సంగతి ఊదారు. అప్పటి నుంచి తమ ఇంట్లో సేవాగుణం తరతరాలుగా ఉందని వీధంతా చెప్పుకొచ్చాడు.

దరఖాస్తుతో పాటు, నర్సు ఎందుకు కావాలనుకుంటున్నారో ఒక పేజీ రాసివ్వాలి. బడిపంతుల్ని కనుక అది నా పని అని బావ తీర్మానించాడు.

నిజానికి ఆ పేజీ ఆరేళ్ల కిందటే ఒక విద్యార్థిని కోసం రాశాను. అందులో నాయనమ్మ తెల్లవారుజామున ఆ పిల్ల చేతుల్లో పోతుంది, పిల్ల అప్పటికప్పుడు సేవకు అంకితమవుతుంది. సీటొచ్చింది. జిరాక్సు కొట్టతను ఒక కాపీ దాచుకున్నాడు. ఇక నర్సింగ్‌కు వెళ్లే మా బడి పిల్లలందరి నాయనమ్మలూ తెల్లవారుజామునే పోతున్నారు.

"నాయనమ్మ పాతబడిపోయింది మాస్టారూ," అన్నాడు బావ. "మా చెల్లెమ్మ సంగతి పెట్టు. కొత్తగా ఉంటుంది."

చెల్లెమ్మ అంటే నా భార్య. పోయి అప్పటికి మూడు నెలలు. ఆమె మంచాన పడ్డ నాలుగు నెలలూ మేనకోడలు కొట్టు మానేసి మా ఇంట్లోనే ఉంది. అత్తయ్య పేరెత్తితే అసలు దరఖాస్తే పెట్టనని మేనకోడలు చెప్పింది. పేజీ తనే రాసుకుంది, ఒక్క వాక్యంలో: నాకు ఉద్యోగం కావాలి, ఈ పని నాకు వచ్చు.

ఇంటర్వ్యూకు తోడు వెళ్లాను. కాలేజీ గోడల నిండా ఉద్యోగాలే. నూటికి నూరు శాతం ఉద్యోగం, విదేశాల్లో ఉద్యోగం, చదువు పూర్తికాక ముందే ఉద్యోగం. హాల్లో మా బడి పిల్ల ఒకతి, పక్కన వాళ్ల నాయనమ్మ బిస్కెట్లు తింటూ కూర్చున్నారు. ఆవిడ నాకు నమస్కారం పెట్టింది. ఆవిడ మరణం రాసినవాణ్ని, తలెత్తలేకపోయాను.

లోపల నన్నూ కూర్చోనిచ్చారు. ప్రిన్సిపాలమ్మ ఆ వాక్యం చదివి కళ్లజోడు తీసింది.

"అంటే ఉద్యోగం కోసమేనా?"

ఆమె వెనక గోడ మీద విమానం బొమ్మ ఉంది.

"ఉద్యోగం కోసమేనండీ."

"పని వచ్చన్నావు. ఏం వచ్చు?"

"మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం వచ్చండి. నాలుగు నెలలు తిప్పాను. ఒక్క పుండు కూడా పడలేదు."

ప్రిన్సిపాలమ్మ ముందుకు వంగింది. "ముందు ఎక్కడ చూసేదానివి?"

"మడమలు, నడుం కింద ఎముక. తర్వాత చెవుల వెనక. ఆక్సిజన్ గొట్టం ఒరుసుకుంటుంది కదండీ."

"ఎవరికి చేశావమ్మా?"

"అది దరఖాస్తులో లేదండీ."

ప్రిన్సిపాలమ్మ ఫైలు దగ్గరకు లాక్కుంది. సేవాభావం అన్న గడి ఖాళీగా ఉంటే ఫైలు వెనక్కొస్తుందని, తనే అందులో 'మెండు' అని రాసి సంతకం పెట్టింది. సీటు ఖాయమైంది.

బయట వరండాలో మేనకోడల్ని ఆపాను. ఆ నాలుగు నెలలూ నేను పక్క గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. చెవుల వెనక ఒరుసుకుంటుందని నాకు తెలియదు. బాగా నొప్పి పుట్టేదా అని అడిగాను.

"కాస్త ఎర్రబడేది మామయ్యా. దూది పెట్టేదాన్ని," అని చెప్పి, యూనిఫాం కొలతలు తీసుకునే గది వైపు వెళ్లింది.