గట్టు మీది నీలం బూట్లు

కూర్మమ్మ బూట్లు విప్పి గట్టు మీద పెట్టి, కుచ్చెళ్లు ఎగదోపి, వట్టికాళ్లతో వంగ నారుమడిలోకి దిగింది. దిగే ముందు ఒకసారి వెనక్కి చూసుకుంది. కూతురి స్కూటీ రైలుగేటు దాటిపోయింది. ఇంక భయం లేదు.

అవి నీలం రంగు రబ్బరు బూట్లు. తాళ్లుండవు, కాలు దూరిస్తే చాలు. నీళ్లు చొరవు. కిందటేడు షుగరు పుండు ముదిరి ఆవిడ ఎడమకాలి చిటికెనవేలు తీసేశారు. మళ్లీ పుండు పడితే పాదమే తీసేయాలన్నాడు డాక్టరు. అప్పటినుంచి కూతురు ఝాన్సీ కంటికి కునుకు లేదు. ఆ ఇంట్లో ఉన్నది తల్లీ కూతుళ్లిద్దరే మరి. ఆమదాలవలసలో ఈ బూట్లు కొనితెచ్చి, మడిలో కూడా విప్పనని తల్లి చేత ఒట్టు వేయించుకుంది.

ఒట్టయితే వేసింది గానీ, ఏం చేస్తుంది పాపం! పీకి నాటేదాకా నారుని పురిటిబిడ్డ అంటారు వాళ్లింట్లో. పురిటిగదిలోకి చెప్పులతో ఎవరెళ్తారు?

"అప్పా, బూట్లేసుకో. ఝాన్సీ నన్ను తిడతాది," అన్నాడు నర్సరీ యజమాని జోగయ్య.

"నువ్వు సెప్పకపోతే దానికెలా తెలుస్తాది? నీ పని సూసుకో తమ్ముడూ."

జోగయ్య నవ్వేసి వెళ్లిపోయాడు. యజమాని ఆయనే అయినా ఆ తోటలో నోరు కూర్మమ్మది.

పొట్టి మనిషి. నడుము వంగి అలాగే ఉండిపోయింది. వేళ్లు మాత్రం చురుకు. పక్క మొక్క ఆకు కదలకుండా గడ్డి లాగేసేది. మధ్యాహ్నం చల్దన్నం తిని, నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చి, మళ్లీ మడిలో దిగింది.

ఎండ తగ్గాక చేసే పని ఇంకొకటుంది. బూట్లు దగ్గరికి లాక్కుని, అడుగునా పక్కలా తడిమట్టి పట్టించడం. ఝాన్సీ రోజూ వచ్చి ఆ బురద చూసి మురిసిపోతుంది. కుళాయి కింద తనే కడుగుతుంది.

"రోజంతా ఏసుకున్నావా?"

"ఏసుకోక ఏటి సేస్తాను?"

ఆ మాట అన్నప్పుడల్లా కూర్మమ్మకి మనసు చివుక్కుమనేది. మర్నాడు మళ్లీ మామూలే.

ఆవేళ కూడా మట్టి పూసి బూట్లు గట్టు మీద పెట్టింది. ఆయాసం వచ్చింది. కాళ్లు మడిలోనే ఉంచి గట్టుకి చేరగిలబడింది. పైపు నీళ్లు మడి నిండి పొర్లుతుంటే కట్టేద్దామని వచ్చిన జోగయ్య, "అప్పా," అని పిలిచాడు. పలకలేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఊపిరి లేదు. ఝాన్సీకి ఫోను చేశాడు.

ఝాన్సీ పరుగున వచ్చి ముందు తల్లి కాళ్లు చూసింది. చీలమండల దాకా బురద. ఎక్కడా ఒక్క గీత లేదు.

"అమా, బూట్లేవే?" అంది.

జోగయ్య గట్టు వైపు చూపించాడు. ఆమె వాటిని తీసుకుని, రోజూలాగే కుళాయి దగ్గరికి వెళ్లి కడగడం మొదలుపెట్టింది. బురద పోయింది. లోపల వేళ్లు పెట్టింది. అట్ట మీది చిన్న చిన్న బొడిపెలు కొన్ననాటిలాగే ఉన్నాయి, ఒక్కటీ అరగలేదు.

"ఏడాదంతా నాసేత ఉత్త బురద కడిగించినావు గదే! ఎంత దొంగవే అమా!" అని ఘొల్లుమంది.

ఏడ్చి ఏడ్చి లేచింది. అమ్మని ఎత్తాలంటే కాళ్ల వైపు ఒకరు మడిలోకి దిగాలి. ఝాన్సీ గట్టు దాకా వచ్చి, బూట్లు కింద పెట్టి, తన చెప్పులు కూడా విప్పి, వట్టికాళ్లతో దిగింది.

గట్టు మీద ఆ చెప్పుల పక్కన నీలం బూట్లు నీళ్లోడుతున్నాయి.