రుద్దని అడుగు

నేను ఒక పూలకూజాను. కుమ్మరి భూషణం సారె మీద పుట్టి, బట్టీలో కాలి, నీలం మెరుపుతో బయటికొచ్చాను. పైనంతా నునుపు, అడుగు మాత్రం గరుకు. నేను చేసిన పాపమంతా ఆ అడుగుదే.

భూషణం ఏ పాత్రనైనా పంపేముందు అడుగును రాతిమీద రుద్దుతాడు. నా వంతు వచ్చేసరికి విజయవాడ బస్సుకు వేళైంది. "ఇదొక్కటేగా, ఎవరు తిరగేసి చూస్తారు?" అనుకుని నన్ను గడ్డిలో చుట్టేశాడు.

అక్కడి ప్రదర్శనలో నాకు జోడీ, అతని ఊరి నేతగత్తె కోటిరత్నం నేసిన బల్లగుడ్డ. నా రంగు చూసుకుని నూలుకు అదే రంగు అద్దించి, నేలలో గుంట తవ్వి అమర్చిన గుంటమగ్గంలో కూర్చుని పన్నెండు రోజులు నేసిందట. ఆ ఏడాదే కళ్ళజోడు పెట్టుకుంది పాపం. జోడీ నచ్చితే ఇద్దరికీ ఏడాది పొడుగునా పని ఇస్తానని హైదరాబాదు కొట్టు యజమానురాలు చెప్పి ఉంచింది. ఆ గుడ్డమీద నేను పెళ్ళికొడుకులా తెగ నీలిగాను.

ఆవిడ వచ్చింది. ఎత్తి చూడాల్సింది పోయి నన్ను తనవైపు లాగింది. నా అడుగుకు తగులుకుని ఒక పోగు లేచిపోయింది. నాకు తెలిసింది. ఏం లాభం, చెప్పలేను కదా!

"నేత బాగాలేదమ్మా, ఇదిగో పోగు లేచింది," అందావిడ. "కూజాలు మాత్రం యాభై పంపండి."

కోటిరత్నం గుడ్డను కళ్ళజోడుకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. "నా చూపే పోయినట్టుంది అన్నయ్యా," అంది భూషణంతో.

మర్నాడు కడగబోయి నన్ను తిరగేసిన భూషణానికి అడుగున నీలం పోగు ముక్క కనిపించింది. అంతా అర్థమైంది. "చెబితే నా యాభై కూడా పోతాయేమో," అని గొణిగి దాన్ని అగ్గిపెట్టెలో దాచాడు. తర్వాత నా అడుగును రాతిమీద రుద్దాడు, రుద్దాడు, అలా రుద్దుతూనే ఉన్నాడు. తప్పు జరిగిపోయాక మనుషులకు ఎక్కడలేని శ్రద్ధ వస్తుంది.

నాలుగు నెలలకు, కోటిరత్నం మగ్గం విప్పేసి గుంట పూడ్చేసిందని తెలిసింది. ఆ పూట భూషణం అన్నం ముట్టలేదు. నన్ను చంకన పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు.

"లోపం నీ నేతలో లేదమ్మా. దీని అడుగు నేను రుద్దలేదు," అని పోగు ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని వెలుతురుకెత్తి చూసింది. సంతోషిస్తుందనుకున్నాను.

"ఈ మాట అప్పుడే చెప్పుంటే గుంట పూడ్చేదాన్నా అన్నయ్యా?"

మూలనున్న పార తెచ్చి అతని ముందు పడేసింది. "తవ్వు."

బతుకంతా మట్టి తవ్వినవాడే. అయినా ఆ చిన్న గుంట తవ్వడానికి పడ్డంత ఆయాసం అతను ఎప్పుడూ పడలేదు.

ఇప్పుడు నేను ఆమె మగ్గం పక్కన కిటికీ గట్టుమీద ఉన్నాను. నా కింద ఆ బల్లగుడ్డే, పోగు లేచిన చోటు పైకి కనబడేలా మడిచి వేసింది. నేస్తూ నేస్తూ అప్పుడప్పుడూ ఇటు చూస్తుంది. ఆమె క్షమించిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం సిగ్గు పోలేదు. ఎప్పుడైనా మీరు ఆ ఇంటికి వచ్చి, నన్ను చేతిలోకి తీసుకోవాలనిపిస్తే, దయచేసి లాగకండి. ఎత్తండి.