వణికే కారు, సూదిలో దారం

నాకంటే ముందే మా ఆయన జీవితంలో ఒక కారు ఉందని పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చాక ఆయనే షెడ్డు తలుపు తీసి, దగ్గరి చుట్టాన్ని పరిచయం చేసినట్టు చూపించారు. పైకప్పు లేని పాతకాలపు కారు. మీగడ రంగు, గుండ్రటి దీపాలు. నేను చప్పట్లు కొట్టేశాను.

ఆ సాయంత్రమే షికారు. ఎంత హాయిగా ఉందో! కాకపోతే ప్రతి గుంతకీ ముందద్దం ఒక రాగం ఎత్తుకుంటే తలుపులు ఇంకో రాగం అందుకున్నాయి. పక్క అద్దంలో వెనకొచ్చే బస్సు మూడు బస్సులైంది. నోరు తెరిస్తే పళ్లు టకటకలాడాయి.

"పైకప్పు లేదు కదా," అన్నారాయన, అదేదో గొప్పింటి జబ్బయినట్టు. "మూత తీసేసిన చెప్పుల డబ్బా రెండు చివరలూ పట్టుకుని మెలిపెట్టి చూడు. ఇదీ అంతే."

మా అత్తగారికి ఈ గొప్పతనం ఎక్కలేదు. ఆవిడ బట్టలు కుడతారు. హాలు నిండా మిషన్లే. సోఫాలో కూర్చోవాలంటే ఎవరి జాకెట్టునో పక్కకి జరపాలి. షెడ్డు మీద ఆవిడ కన్ను ఎప్పట్నుంచో ఉంది.

"ఒరేయ్, ఆఖరిమాట చెప్తున్నా," అన్నారు మా ఆయనతో. "ఆదివారం నన్ను మార్కెట్ దాకా తీసుకెళ్లు. నడుస్తున్న కారులో నేను సూదిలో దారం ఎక్కించగలిగితే నీ కారు నువ్వు ఉంచుకో. లేదంటే అమ్మెయ్. నా మిషన్లు షెడ్డులోకి పోతాయి."

మా ఆయన అన్నం సగంలో వదిలేసి ప్రెసిడెంటుగారికి ఫోన్ చేశారు.

ప్రెసిడెంటుగారంటే మా ఆడపడుచు భర్త. పాత కార్ల సంఘానికి అధ్యక్షులు. నెలకోసారి కార్లన్నీ వరసగా నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇంజన్లలోకి తొంగిచూస్తూ "ఊఁ" అనడం ఆ సంఘం పని. ఆయన తన కారు తుడుస్తుండగా చాలామంది చూశారట. నడుపుతుండగా చూసినవాళ్లు ఇంకా తేలలేదు.

"బావా, వణుకు తగ్గాలంటే ఏం చెయ్యాలి?"

"కమ్మీలోయ్! అడుగున ఇంటూ గుర్తులా రెండు, తలుపుల కింద పొడుగునా చెరొకటి, సీటు వెనక అడ్డంగా ఒకటి. ఇంకెక్కడ వణుకుతుంది? నేనొస్తున్నా."

వచ్చారు. కిందకి దూరడానికి ఆయన పొట్ట ఒప్పుకోదు గనక కారుని ముందో జాకీ, వెనకో జాకీ పెట్టి బాగా పైకి లేపించారు. అడ్డమని తలుపులు రెండూ ఊడదీయించారు. మా ఆయన కింద పడుకుని వెల్డింగ్ చేస్తుంటే, ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగుతూ "ఊఁ" అన్నారు. కారు కింద నుంచి పొడుచుకొచ్చిన మా ఆయన పాదాలు ఎంత ముద్దుగా ఉన్నాయో! ఫొటో తీసుకున్నాను.

కారు దించాక నలుగురం ఎక్కి ఊపినా కదల్లేదు. బండరాయి. ప్రెసిడెంటుగారు మీసం దువ్వుకున్నారు. తలుపులు పెట్టబోతే మాత్రం పట్టలేదు. మొదటిది కింద దూరింది, పైన వేలెడు మందం బయటే ఉండిపోయింది. రెండో తలుపూ అంతే.

"తలుపులు ఉబ్బాయి," అని తేల్చారాయన.

"ఇనుప తలుపులు కదండీ అన్నయ్యగారూ?" అన్నాను.

"పాత ఇనుమమ్మా. నీకు తెలీదు. రేపు గ్రైండర్ తెస్తా, అంచులు కోసేద్దాం."

మా ఆయన తలుపు అంచు నిమిరారు. ఆ తలుపులు మళ్లీ ఎక్కడా దొరకవు.

తలుపులు లేకుండానే వెళ్దామని అత్తగారిని బతిమాలి చూశాం. "జారిపోడానికి నేనేం బస్తానా?" అన్నారు.

ఆ పూట నాకేమీ తోచక ఫోన్‌లో ఆ ఫొటో తెరిచి మా ఆయన పాదాలు చూసుకుంటూ కూర్చున్నాను. ఫొటోలో కారు వెనక షెడ్డు గోడకి కొట్టిన నీలం పట్టీ తిన్నగా ఉంది. దాని ముందు కారు నడుం కిందకి దిగిపోయి ఉంది, నవారు వదులైన మంచంలా. రెండు చివరలా ఎత్తితే మధ్యలో దిగింది, తలుపు సందు పైన ఇరుకైంది. మేం దాన్ని అలాగే అతికించి శాశ్వతం చేసేశాం.

"ఏమండీ," అని పిలిచి ఫొటో చూపించాను. చూశారు. చాలాసేపు పాదాల వంకే చూస్తున్నారేమోనని నాకు అనుమానం వచ్చింది. చివరికి తల పట్టుకున్నారు.

"బావకి ఎలా చెప్పను? అక్క మొగుడు!"

మర్నాడు పొద్దున్నే గ్రైండర్ దిగింది. మా ఆయన తలుపుని చంటిపిల్లలా కావలించుకుని నిలబడ్డారు.

"తలుపు కొయ్యను బావా. కమ్మీలు కోస్తా."

"ఎవడు చెప్పాడు నీకు?"

"మా ఆవిడ."

"పెళ్లాం మాట విని నా కమ్మీలు కోస్తావా?"

"కోస్తా. తప్పు పని చేశాం. కావాలంటే ఫొటో చూడు."

ఆ క్షణాన ఆయన్ని ఆ షెడ్డులోనే ముద్దు పెట్టుకోవాలనిపించింది. అత్తగారున్నారని ఆగాను.

ప్రెసిడెంటుగారు ఫొటో చూశారు. "వెలుతురు సరిగ్గా లేదు," అని కుర్చీ తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయారు. ఆయన తెచ్చిన గ్రైండర్‌తోనే కమ్మీలు కోశాం. బరువు నాలుగు చక్రాల మీదా పడేలా కారుని ఎత్తైన దిమ్మల పైన నిలబెట్టి, తలుపులు బిగించి, మూసి, అప్పుడు అతికించాం. ఈసారి దీపం నేను పట్టుకున్నాను. జుట్టు నిండా తుప్పు. అంత సంతోషంగా ఎప్పుడూ తలంటుకోలేదు.

ఆదివారం అత్తగారు ముందు సీట్లో సూదీ దారంతో కూర్చున్నారు. వెనక నేనూ, పిలవకపోయినా వచ్చిన ప్రెసిడెంటుగారూ. మొదటి గుంతకి దారం తప్పింది. రెండోదానికీ తప్పింది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బడి మలుపు దాటగానే అత్తగారు దారం కొస నోట్లో తడిపి, కన్ను చికిలించి, సూటిగా ఎక్కించేశారు.

"సరేరా, ఉంచుకో," అన్నారు గట్టిగా నిట్టూర్చి.

"చూశారా అత్తయ్యా, నా కమ్మీల మహిమ!" ప్రెసిడెంటుగారు గుండెలు విరిచారు. చొక్కా పైగుండీ టప్పున ఊడి నా ఒళ్లో పడింది.

"ఇలా వంగండి అల్లుడుగారూ. దారం ఎలాగూ ఎక్కింది, కుట్టేస్తా," అని అత్తగారు వెనక్కి తిరిగారు. "మెడ దగ్గర సూది. గుంతలొస్తాయి. మాట్లాడకండి."

మార్కెట్ దాకా ఆయన "ఊఁ" అని కూడా అనలేదు.