ఎత్తించిన బండి

నేనన్నది ఒక్కటే మాట. "బండి కింద ఏదో చప్పుడొస్తోంది, షెడ్డుకి తీసుకెళ్లి ఒకసారి ఎత్తించు." అడుగున ఏముందో చూడాలంటే ఎవరైనా బండిని జాకీ మీద ఎత్తిస్తారు. ఫోన్లో బురదలో బండ్ల పందేలు చూసి చూసి మతిపోయిన మా మరిది మాత్రం దాన్ని శాశ్వతంగా ఎత్తించుకొచ్చాడు.

మొక్కల నర్సరీ నాది. ఆ ట్రక్కు లేకపోతే నా కుండీలు గేటు దాటవు. వెనక తొట్టి నా నడుమెత్తులో ఉండేది కాబట్టి ఎవరి సాయమూ లేకుండా నేనే ఎక్కించుకుని, నేనే నడుపుకుని వెళ్లేదాన్ని. ఇప్పుడది నా గడ్డానికి తగులుతోంది. కింద రాకాసి టైర్లు. ముందు, బురదలో కూరుకుపోతే బయటికి లాక్కోవడానికి ఇనుప తాడు చుట్టిన మోటారు. నీళ్లలో దిగితే ఇంజనుకి గాలి అందాలని పైకప్పు దాకా ఒక గొట్టం. బరువు తగ్గాలని తొట్టి పక్క రేకులు కూడా పీకించేశాడు.

"ఎంత బురదలో దింపినా ఇక ఆగదు వదినా!" అన్నాడు మొహం చాటంత చేసుకుని.

"నా మొక్కలేమైనా పందేనికి వెళ్తున్నాయా?"

"నువ్వేగా ఎత్తించమన్నావ్!"

నాకు ఒళ్లు మండిపోయింది. మరి ఆ చప్పుడు సంగతేమిటని అడిగితే తల గోక్కున్నాడు. అది అలాగే ఉందట.

"వాడేదో సరదాపడ్డాడులే, కాస్త సర్దుకో" అన్నాడు మా ఆయన, కుర్చీలోంచి లేవకుండానే.

సర్దుకోవాలట! మధ్యాహ్నానికల్లా కొత్త బడికి మొక్కలు చేరాలి. చేరకపోతే ఇంకో నర్సరీ చూసుకుంటామని వాళ్లు ముందే తెగేసి చెప్పారు. స్టూలేసుకుని ఒక కుండీ ఎత్తబోయాను. చెయ్యి జారి కుండీ పగిలింది, మందార కొమ్మ విరిగింది. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సర్దుకోమన్నవాళ్లే వచ్చి ఎక్కించండి" అని అరిచాను.

మరిది పైకెక్కాడు. మా ఆయన కిందనుంచి కుండీలందించాడు. మొదట్లో హుషారుగానే ఉన్నాడు. కాసేపటికి నడుము పట్టుకుని గోడకి చేరబడ్డాడు.

"ఒరేయ్, బుద్ధుందా నీకు? మనిషన్నవాడు సామానెక్కించే ఎత్తేనా ఇది? రేపే దింపించెయ్!" అని తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు.

"సరే అన్నయ్యా" అన్నాడు మరిది. నాతో వాదించిన నోరే అది.

పొద్దున్నుంచి నేను మొత్తుకున్నదీ ఇదే మాట. అప్పుడు ఇద్దరిలో ఒక్కడికీ చెవికెక్కలేదు. ఆయన నడుము పట్టేసేసరికి న్యాయం కనిపించింది.

"కాసేపు కూర్చుంటానే" అన్నాడు నావైపు జాలిగా చూస్తూ.

"బండి దిగేది రేపు. మొక్కలు వెళ్లాల్సింది ఇవాళ" అని ఇంకో కుండీ తీసి ఆయన చేతుల్లో పెట్టాను.