ఏ రాత్రికైనా సరిపోయే గొంతు

“ఇకనుంచి రాత్రిళ్ళు నువ్వు ఖాళీయేగా!” అన్నాడు మా ఆయన ఫింటన్. అప్పుడు నేను వృద్ధాశ్రమంలో వాళ్ళమ్మ తడిపిన దుప్పట్లు ఇంటికి తెచ్చి వాషింగ్ మెషీన్‌లో కుక్కుతున్నాను. ఖాళీయట! ఇన్నేళ్ళూ రాత్రంతా మా జిల్లా రేడియోలో మాట్లాడి, తెల్లారి ఇంటికొచ్చి ఓట్స్ జావ కాచి, పిల్లలకి డబ్బాలు కట్టి బడికి పంపి, అప్పుడు పడుకునేదాన్ని. దానికి కూడా “పట్టపగలు పడకేసే భోగం ఎవరికుంటుంది!” అని అత్తగారు ఊరంతా చెప్పుకునేది. అసలు రాత్రి కార్యక్రమం నాకెందుకిచ్చారనుకున్నారు? “మగాళ్ళకి సంసారాలుంటాయి కదా నూలా, రాత్రిళ్ళు ఎలా కుదురుతుంది?” అన్నాడు మా మేనేజరు కొనల్. నాకున్నది సంసారం కాదు కాబోలు.

అయినా ఆ రాత్రిళ్ళంటే నాకు ప్రాణం. రొట్టెలు కాల్చేవాళ్ళు, ఆసుపత్రి నర్సులు, ఆవు ఈనుతుంటే కొట్టంలో కాపలా కూర్చున్నవాళ్ళు ఫోన్ చేసేవారు. నా మాట ఎవరైనా చివరిదాకా వినేది అక్కడే. ఇంట్లో నేను నోరు తెరిస్తే ఫింటన్ టీవీ గొంతు పెంచుతాడు. “మాట్లాడటం కూడా ఒక ఉద్యోగమేనా!” అని వచ్చినవాళ్ళ ముందు నవ్వుతాడు. నేను కూడా నవ్వి వాళ్ళకి టీ పోసేదాన్ని.

ఇప్పుడు అదీ పోయింది. వారానికోసారి మధ్యాహ్నంపూట వెళ్ళి వారమంతటికీ మాటలు రికార్డు చేసిపెడితే చాలు, కంప్యూటరు వాటిని పాటల మధ్య అతికించుకుంటుంది. “గొంతు తగ్గించు నూలా, లోకమంతా నిద్రపోయినట్టుండాలి,” అంటాడు కొనల్. కిటికీ అవతల ఎవరో గడ్డి కోస్తున్నారు, ఎండ కళ్ళల్లో పడుతోంది. నేను గుసగుసగా ‘మీతోపాటు నేనూ మేలుకునే ఉన్నాను, ఫోన్ చేయండి’ అంటున్నాను. ఛీ! నా గొంతు నాకే కంపరం పుట్టించింది. ఇంటికెళ్ళి పళ్ళు తోముకున్నాను.

ఈ సంగతి తెలియగానే ఫింటన్ నన్ను ఒక్క మాటైనా అడక్కుండా వాళ్ళమ్మని వృద్ధాశ్రమం నుంచి తీసుకొచ్చేశాడు. “రాత్రి ఆవిడ లేస్తే నువ్వుంటావు. నీకెటూ నిద్ర అలవాటు లేదుగా!” అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు. నేను మేలుకునే అలవాటు ఆయనకి ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

ఇలా ఉండగా పోయిన వారం పెనుగాలి వచ్చింది. అట్లాంటిక్ మీంచి కొట్టిన కొట్టుడికి సముద్రం వైపు పైకప్పులు లేచిపోయాయి, కరెంటు స్తంభాలు పడ్డాయి. ఆ రాత్రికి నేను ముందే చెప్పి పెట్టిన మాటేమిటో తెలుసా? ‘బయట ఆకు కూడా కదలడం లేదు, ఆకాశం నిండా చుక్కలు. ఎంత హాయైన రాత్రి!’ అత్తగారి పక్కన కూర్చుని, బ్యాటరీ రేడియోలో ఆ మాట విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారం మాంసం కొట్టు దగ్గర వరసలో అట్రాక్టా కనిపించింది. పక్షవాతం వచ్చిన మొగుణ్ణి కనిపెట్టుకుని రాత్రిళ్ళు కూర్చునే మనిషి. నాకు ఫోన్ చేయని వారం లేదు. ఎప్పట్లా చెయ్యి పట్టుకోలేదు.

“గాలికి కొట్టం కప్పు పోయిందమ్మా. ఆయనేమో భయంతో ఒకటే ఏడుపు. నీకు చేశాను. మోగుతూనే ఉంది. అటు రేడియోలో నువ్వు ‘ఫోన్ చేయండి, ఇక్కడే ఉన్నా’ అంటూనే ఉన్నావు,” అంది. తలవంచుకుని, “నేను మరీ వాగుతాననేగా తీయలేదు? చెప్తే మానేసేదాన్ని కదా తల్లీ,” అంది.

నేను నోరు తెరిచేలోగా ఆవిడ పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చెబితే ఫింటన్ పకపకా నవ్వాడు. “ముసలిదానికి బాగా అయింది! నువ్విక్కడ నా సాక్సులు మడత పెడుతుంటే నీ గొంతు అక్కడ ఉద్యోగం చేస్తోంది. ఇంతకంటే ఏం కావాలే?” అన్నాడు. ఆ నవ్వే నోట్లో నేను వండిన బంగాళాదుంప ముద్ద కనిపిస్తోంది.

రికార్డింగుకి వెళ్ళినప్పుడు చెబితే కొనల్ నవ్వలేదు, విసుక్కున్నాడు. “గాలీ వానా జోలికి నిన్నెవరు పోమన్నారు? ఏ రాత్రికైనా సరిపోయేలా మాట్లాడవోయ్!”

“మరి ఫోనో? ఎవరూ తీయని ఫోనుకి చేయమని ఎందుకు చెప్పిస్తున్నావు?”

“నంబరు చెబితే జనానికి మనం దగ్గరున్నట్టు ఉంటుంది. అయినా ఆ వేళప్పుడు వినేదెవరు, తాగుబోతులూ ఆవులూనా? నేనే వినను. సరే, కానీయ్, త్వరగా ముగించు,” అని తలుపేసుకుని పోయాడు.

నిజమే, అతను వినడు. రికార్డు చేసింది ఎవరూ విని చూడరు. అది సరాసరి గాలిలోకి వెళ్ళిపోతుంది. ‘నేనే వినను’ అని ఆ అవకాశం అతనే నా చేతికిచ్చి పోయాడు. మైకు ముందు కూర్చున్నాను. ఈసారి గొంతు తగ్గించలేదు.

“నేను నూలాని. ఇప్పుడు మధ్యాహ్నం. మీరిది వినేవేళకి బయట గాలో వానో నాకు తెలియదు. స్టూడియోలో నేను ఉండను, ఎవరూ ఉండరు. ఇక్కడి నంబరుకి చేస్తే ఖాళీ గదిలో గంట మోగుతుంది, అంతే. అట్రాక్టా, నేను మీ మీద విసుక్కోలేదు. మీ ఫోను మోగినట్టే నాకు తెలియదు. ఇప్పుడు మా ఇంటి నంబరు చెబుతాను, అందరూ రాసుకోండి. ఏ వేళైనా చేయండి. ఫోను మా ఆయన తలగడ పక్కనుంటుంది. ఆయన తిడతాడు, తిట్టనివ్వండి. నన్ను పిలవమనండి. ఒకవేళ నేను మాట్లాడుతుండగా వాళ్ళమ్మ నిద్ర లేస్తే, ఆయనే లేచి చూసుకుంటాడు.”