జ్ఞానానందం చేసిన ప్రార్థన

ఇస్త్రీ పెట్టె మూత తీసి, బొగ్గుల మీది బూడిదను జ్ఞానానందం నోటితో ఊదాడు. నిప్పు ఎర్రబడింది. పెట్టె అడుగును తడిగుడ్డకు తాకించి, చుయ్యిమన్నాక, ఎవరిదో ప్యాంటు పరిచాడు.

కోటబొమ్మాళి ఆటో స్టాండు పక్కన ఈ తోపుడు బండి మీదే అతని వయసంతా గడిచింది. పొట్టి మనిషి. కుడిచెయ్యి ఎడమచేతికన్నా లావు. ముంజేతి నిండా పాత కాలిన మచ్చలు. బంతి తన్నడం ఏనాడూ రాలేదు గాని, చర్చి కుర్రాళ్ళ జట్టు ఎక్కడ ఆడినా గీత పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచేవాడు.

ఈ పొద్దు మాత్రం ఫోను టింగుమన్నప్పుడల్లా దాన్ని బోర్లా తిప్పి పెడుతున్నాడు.

మొన్నటి ఫుట్‌బాల్ ఫైనల్లో విరామం వేళకి చర్చి జట్టు ఒక గోలు వెనకబడి ఉంది. కుర్రాళ్ళు చుట్టూ నిలబడితే, ఎప్పటిలాగే అతనే ప్రార్థన చేశాడు. "దేవా, ఆ గోల్‌కీపర్ చేతులు బలహీనపరచుము" అన్నాడు. చిన్నప్పటినుంచి చర్చిలో విన్న బైబిలు యుద్ధాల ధోరణి అది, ఊపులో వచ్చేసింది. జట్టు కెప్టెన్ రాబర్ట్ దాన్ని ఫోనులో తీస్తున్నాడని తెలియదు.

ఆట మళ్ళీ మొదలైన కాసేపటికే, అవతలి పేట జట్టు గోల్‌కీపర్ అప్పలసూరి బంతికోసం ఎగిరి ఇనుప స్తంభానికి తల కొట్టుకున్నాడు. బంతి లోపలికి దొర్లింది. జ్ఞానానందం గెంతులేశాడు. పడ్డవాడు లేవలేదని ఆ తర్వాతే చూశాడు.

రాబర్ట్ ఆ ప్రార్థననూ, గీత పక్కనుంచి ఎవరో తీసిన ఆ గోలునూ ఒకే వీడియోగా అతికించి, 'ప్రార్థనకు జవాబు' అని పేరుపెట్టి వదిలాడు. జిల్లా దాటి తిరుగుతోందట. కింద వరసగా ఆమెన్లు.

బండి మూలన ఒక తెల్ల చొక్కా ఉండలా పడి ఉంది. ఫైనల్ రోజు పొద్దున్న అప్పలసూరే ఇచ్చాడు. "మావా, కప్పు కొట్టీసినాక ఫొటోకి ఏసుకోవాల. మీవోళ్ళ మీద కోపం దీని మీద సూపించకు."

"కప్పు మాదిరా. సొక్కా ఏసుకొచ్చి సప్పట్లు కొడుదువుగాని."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ చొక్కాను అతను ఇంతవరకూ ముట్టుకోలేదు.

ఆటో దిగి ఎవరో నేరుగా బండి దగ్గరికే వస్తున్నారు. అప్పలసూరి భార్య గౌరి. ఆమె తిడుతుందని తల వంచుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

"మావా, శ్రీకాకులం ఆసుపత్రి నుంచే వస్తన్నాను. కళ్ళు తెరవనేదు. నీ మాట మీ దేవుడు విన్నాడని అందరూ ఫోన్లో సూపిస్తన్నారు."

"నాను... ఆటకోసమే అన్నాను తల్లీ."

"ఎందుకన్నావో నాకేటి? విన్నాడు కదా. మళ్ళీ సెప్పు. లేపమని సెప్పు." ఆమె చొక్కా చూసింది. "అదేటి, అలాగే ఉంచీసినావు? ఇస్త్రీ సేసీ. లేస్తే ఏసుకుంటాడు."

చీర మార్చుకుని మళ్ళీ ఆసుపత్రికి పోవాలంటూ వెళ్ళిపోయింది.

జ్ఞానానందం కళ్ళు మూసుకున్నాడు. ఊరందరికోసం గలగలా ప్రార్థించే నోరు పెగల్లేదు. ఆ మాట దేవుడు నిజంగానే విన్నాడా? విని ఉంటే, అలాంటి మాట కూడా వినే దేవుడి ముందు మళ్ళీ నోరెలా తెరవడం? వినలేదంటే, ఇప్పుడు గౌరి మాట మాత్రం వింటాడా? చొక్కా మీద నీళ్ళు చిలకరించి, పెట్టె జరిపాడు. ఒక్కో ముడతా పోతుంటే, "లేపు తండ్రీ, లేపు" అని మాత్రం గొణిగాడు. ఆమెన్ అనడానికి భయమేసింది.

పొద్దు వాలాక రాబర్ట్ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"బాబాయ్, సూరి పోయాడంట. మద్దానమే." తన ఫోను జేబులో పెట్టేసి అన్నాడు, "వీడియో డిలీట్ సేసీసాను. కానీ జనం పంపడం ఆపట్లేదు. పేటోళ్ళు నీకోసం వస్తారేమో. బండి కట్టీసి ఇంటికెల్లిపో."

జ్ఞానానందం బండి అంచు పట్టుకున్నాడు.

"రానీరా. సూరికెయ్యడానికి ఆల్లు సొక్కా తీసుకెల్లాల కదా."

ఫోను మళ్ళీ టింగుమంది. ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు తెల్లబడ్డాయి. పక్కనే ఆ చొక్కా, మెడదాకా గుండీలు పెట్టుకుని, మడత చెదరకుండా ఉంది.